పదహారో ఉత్తరం

ద్వారకా నగర్, విశాఖపట్నం
మే 6
విషయం: గురునాథరావు గారూ, ఎలా ఉన్నారు?

గురునాథరావు గారికి నమస్కారం.

ఎండలు ముదిరాయి. మామిడికాయ పుల్లగా, గట్టిగా ఉన్న రోజులివి. మా వరహాలమ్మ గారు ఈ ఏడాది ఆవకాయ కలపడం మొదలుపెట్టారు. మీకు ఏ ఆవకాయ ఇష్టం? వెల్లుల్లి వేసిందా, వెయ్యనిదా? ఒక్క ముక్క రాయండి చాలు. మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ
శ్రీసత్య
వరహాలమ్మ పచ్చళ్ళు


మల్కాపురం
మే 7

శ్రీసత్య గారికి,

ఎలా ఉన్నారని అడిగారు. బాగానే ఉన్నాను. ఒక మోకాలు సహకరించడం లేదు, రెండోది దాన్ని చూసి నేర్చుకుంటోంది. మీరు అడిగాక గానీ నాకు తట్టలేదు, ఈ మాట నన్ను ఎవరైనా అడిగి చాలా కాలమైంది. మందుల షాపువాడు అడుగుతాడు గానీ జవాబు వినడు.

ఇక ఆవకాయ సంగతి. మాది ఈ ప్రాంతమే. ముక్కలు ఎండబెట్టి పెట్టే ఎండావకాయే మాకు ఆవకాయ. వెల్లుల్లి వేసిన తడి ఆవకాయ రుచి చూసింది ఉద్యోగంలో చేరాకే. నేను ఓ కాంట్రాక్టు కంపెనీ టగ్గు మీద సరంగుగా చేశాను. టగ్గంటే పెద్ద ఓడకి తాడు కట్టి హార్బరులోకి లాక్కొచ్చే చిన్న ఓడ. దాన్ని నడిపేవాడు సరంగు. కింద ఇంజను చూసేవాడు గోదావరి జిల్లా మనిషి. ఏటా వాళ్ళింటి నుంచి నాకో జాడీ వచ్చేది. వాడి గొడవ ఇప్పుడెందుకు లెండి.

నా భార్య జోగమ్మ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఒక్కడికి పావుకిలో చాలు. వెల్లుల్లి వేసిందే పంపండి.

వరహాలమ్మ గారిని అడిగానని చెప్పండి. ఆవిడ వయసెంత?

ఫోన్లో ఒంటివేలితో కొట్టాను. తప్పులుంటే సర్దుకోండి.

గురునాథరావు


ద్వారకా నగర్
మే 12

గురునాథరావు గారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రెండో మోకాలికి మొదటిదాని సావాసం మాన్పించండి. పావుకిలో పంపమని చెప్పాను. వరహాలమ్మ గారు తన వయసు ఎవరికీ చెప్పరు.

ఇక నుంచి ప్రతి మంగళవారం మా ఉత్తరం వస్తుంది. వీలైతే ప్రతిదానికీ ఇలాగే జవాబు రాయండి. చిన్నదైనా ఫరవాలేదు. మీరు రాస్తే మాకు చాలా మేలు చేసినవారవుతారు.

శ్రీసత్య


మల్కాపురం
జూన్ 4

అమ్మా శ్రీసత్యా,

నాలుగు మంగళవారాలు, నాలుగు ఉత్తరాలు. నాలుగింటికీ రాశాను. నీకంటే వయసులో రెండింతలు ఉంటాను కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

మంగళవారం పొద్దున్నే కాఫీ తాగి గుమ్మంలో కుర్చీ వేసుకుంటాను. పక్కింటి ధనలక్ష్మి చూసి, "ఏటి బావా, ఫోను అట్టుకుని నవ్వుతన్నావ్? ఎవలేటి?" అంది. "నాకు ఉత్తరాలొత్తన్నాయి" అన్నాను. నమ్మలేదు. ఇక్కడ కూర్చుంటే ఓడ కూత వినబడుతుంది. కూతని బట్టి అది లోపలికొస్తోందో బయటికెళ్తోందో చెప్పగలను. వినేవాళ్ళే లేరు.

ఆవకాయ బాగుంది గానీ ఆ జాడీకి సాటి రాదు. ఆ మనిషి పేరు అచ్యుతరామయ్య. ఇరవై రెండేళ్ళు ఒకే టగ్గు మీద చేశాం. బావా అంటే బావా అనుకున్నాం. నేను పైన చక్రం దగ్గర, వాడు కింద ఇంజను దగ్గర. నా అడుగుల చప్పుడు విని వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. నేను రిటైరయ్యే ఏడాది గాలివానలో ఓడని లాగుతుంటే తాడు తెగి, గోపి అనే కలాసీకి పక్కటెముకలు విరిగాయి. ప్రాణం దక్కింది. విచారణలో మావాడు లేచి, తాడు సరిగ్గా బిగిసిందో లేదో చూడకుండా సరంగు తొందరపడ్డాడని చెప్పాడు. నన్ను చివరి రెండు నెలలూ ఒడ్డున కూర్చోబెట్టారు. బయటికి రాగానే "నోరు మూసుకుని ఉండలేపోయావేటి బావా" అన్నాను. అదే ఆఖరి మాట. వాడు రిటైరై వాళ్ళ అమలాపురం వెళ్ళిపోయాడు. వాడి నంబరు రాకుండా ఆపించేశాను. ఏడాదిన్నర అయింది. వాడూ మళ్ళీ ఒక ముక్క రాసిన పాపాన పోలేదు.

ఇదంతా నీకెందుకు చెప్పానో తెలియదు. అడిగేవాళ్ళుంటే మనిషి వాగుతాడు కాబోలు. ద్వారకా నగర్ ఎంత దూరం, ఒక్క బస్సు. వచ్చే ఆదివారం భోజనానికి రా. వంజరం పులుసు పెడతాను.

గురునాథరావు


ద్వారకా నగర్
జూన్ 16

గురునాథరావు గారికి,

ఏడో తేదీ ఆదివారం మీరు రమ్మన్నారు, నేను రాలేదు. జవాబు కూడా రాయలేదు. చేప తెచ్చి ఎదురు చూశారేమోనని తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. అందుకే నిజం రాస్తున్నాను.

శ్రీసత్య అనే మనిషి లేదు. అది మేం పెట్టిన పేరు. అమ్మాయి పేరుతో వస్తే ఎక్కువమంది తెరుస్తారని మా మేనేజరు గుణశేఖర్ గారు ఖాయం చేశారు. వరహాలమ్మ గారు కూడా లేరు. డబ్బా మీది ఫొటో ఎవరిదో నాకే తెలియదు. పచ్చడి మాత్రం నిజమే, ఊరవతల షెడ్డులో యంత్రం కలుపుతుంది.

నా పని పచ్చళ్ళు అమ్మడం కాదు. మా ఉత్తరాలు స్పామ్‌లో పడకుండా చూడటం. మీ ఫోనుకి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ మెయిలు నడిపే కంపెనీ ముందు జల్లెడ పడుతుంది. పనికిమాలినదనిపిస్తే స్పామ్ అనే మూలగదిలో పడేస్తుంది. అక్కడికి ఎవరూ వెళ్ళి చూడరు. ఉచితం, వెంటనే, ఆఖరి అవకాశం లాంటి మాటలు పైన కనిపిస్తే దానికి అనుమానం. ఒకేసారి లక్షమందికి పంపినా అనుమానం. వెయ్యిమందిలో ముగ్గురు 'ఇది స్పామ్' అని మీట నొక్కితే చాలు, మా పేరు చెడిపోతుంది. అదే ఎవరైనా జవాబు రాస్తే ఇది మనుషులు రాసుకునే ఉత్తరమేనని నమ్మి లోపలికి వదులుతుంది. అందుకే 'ఎలా ఉన్నారు' అని అడుగుతాం. అందుకే మిమ్మల్ని వారం వారం రాయమన్నాను.

ఆ ప్రశ్న నలభై వేల మందికి వెళ్ళింది. కొందరు 'ఆపండి' అని రాశారు. ఎలా ఉన్నారో చెప్పింది మీరొక్కరే.

పరీక్ష కోసం నా దగ్గర అరవై మెయిలు అడ్రసులు ఉన్నాయి. రోజూ పొద్దున ఆ అరవైకీ పంపి, ఏది లోపల పడింది, ఏది స్పామ్‌లో పడింది చూసుకుంటాను. అంటే రోజుకి అరవై సార్లు ఎలా ఉన్నావని నన్ను నేనే అడుగుతున్నాను. హాస్టల్లో నా గదిలోవాళ్ళు కోచింగ్ పిల్లలు, పుస్తకం మీంచి తల ఎత్తరు. అమ్మ పోయాక ఆనందపురం వెళ్ళడం కూడా తగ్గిపోయింది. మీ మొదటి ఉత్తరం ఆఫీసు పనిగానే చదివాను. నాలుగోది వచ్చేసరికి మంగళవారం ఎప్పుడవుతుందా అని చూశాను. ఇది మాత్రం అబద్ధం కాదు.

అసలు పేరు రాయడానికి మాకు అనుమతి లేదు. క్షమించండి.


మల్కాపురం
జూలై 2

పేరు తెలియని అమ్మాయికి,

వంజరం తెచ్చాను. మనిషొస్తుందని ధనలక్ష్మికి కూడా చెప్పాను. మూడింటి దాకా గుమ్మంలోనే కూర్చున్నాను. చివరికి ఆవిడొచ్చి "రాలేదేటి? పోన్లే, నాకెట్టు" అని తిని వెళ్ళింది. నలభై వేల మందిలో నేనొక్కణ్ణే వెర్రివాణ్ణని తెలిసి రెండు వారాలు ఫోను ముట్టుకోలేదు. నా మోకాళ్ళూ, నా జోగమ్మా మీ పచ్చళ్ళని లాగే తాడన్నమాట. కోపం వచ్చింది. ఇంకా ఉంది.

కానీ నీ ఉత్తరంలో ఒకచోట ఆగిపోయాను. స్పామ్ అని మీట నొక్కడం.

నీ దగ్గర ఒకటి దాచాను. అచ్యుతరామయ్య ఒకసారి రాశాడు. పింఛను కాగితాలకి మెయిలు కావాలంటే, పోర్టు దగ్గర నెట్ షాపులో ఇద్దరం ఒకేరోజు పెట్టించుకున్నాం. నా అడ్రసు వాడికి తెలుసు. వెళ్ళిన కొన్నాళ్ళకి వాడి పేరుతో ఒకటి వచ్చింది. చదవలేదు. పైన ఏవో గుర్తులుంటే నొక్కాను. స్పామ్ అనాలా అని అడిగింది. అను అన్నాను. వాణ్ణి నీళ్ళలోకి తోసినంత సంతోషం కలిగింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఒక్క ఉత్తరంతో సరిపెట్టాడా, ఇరవై రెండేళ్ళకి అంతేనా అని ఇంకా రగిలిపోయాను.

ఆ మీట నొక్కితే ఆ ఒక్కటే పోతుందా? తర్వాత వచ్చేవి కూడానా?

గురునాథరావు


ద్వారకా నగర్
జూలై 2

గురునాథరావు గారికి,

తర్వాత వచ్చేవి కూడా. ఒకసారి నొక్కితే ఆ మనిషి రాసేవన్నీ ఇక అక్కడికే పోతుంటాయి.

వెంటనే చూడండి. మెయిలు తెరిస్తే ఎడమవైపు పైన మూడు గీతలుంటాయి. అవి నొక్కి కిందికి జరపండి. స్పామ్ అని ఉంటుంది. ఒక సంగతి ముందే చెబుతున్నాను, గుండె దిటవు చేసుకోండి. అక్కడ పడ్డవి ముప్పై రోజులే ఉంటాయి. తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. మళ్ళీ తేవడం ఎవరి వల్లా కాదు.


మల్కాపురం
జూలై 3

అమ్మాయ్,

ఒక్కటే ఉంది. జూన్ 5 అని తేదీ ఉంది. ఇంకో రెండు రోజులైతే అదీ పోయేది. ఉన్నదున్నట్టు నీకు ఎక్కిస్తున్నాను, ఇంకెవరికి చెప్పుకోను.

"ఒరేయ్ బావా, ఇది పదహారోది. నెలకొకటి రాస్తన్నా. నువ్వు పలకవు. పలక్కపోయినా చదూతున్నావులే అనుకుని రాస్తన్నా. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం కాదు. మళ్ళీ అడిగినా అదే చెప్తా. కానీ అక్కడ చెప్పేముందు నీతో చెప్పాల్సింది. అది నా తప్పేనని మొదటి ఉత్తరంలోనే రాశా. గోపి ఇప్పుడు బానే తిరుగుతున్నాడంట. నా కళ్ళే మసకబారిపోతున్నాయి. ఇంతకంటే చూపు రాదన్నాడు డాక్టరు. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా ఆనట్లేదు. పైనెల ఇంకోటి రాయగలనో లేదో తెలీదు. నీ వాటా జాడీ అటక మీద పెట్టించా. నిరుడుది కూడా అక్కడే ఉంది."

చదివి ధనలక్ష్మి ముందే ఏడ్చాను. "నాను ఏటి సేసినానే" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసి పక్కన పెట్టింది. పదిహేను ఉత్తరాలు. వాడు తప్పు ఒప్పుకున్న ఉత్తరం కూడా నేను చదవకుండానే పోయింది. ఏడాదిన్నర నేను కోపంతో గుమ్మంలో కూర్చుంటే, వాడు గుడ్డి కళ్ళతో నాకు రాస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు నేను రాస్తే అది వాడి స్పామ్‌లో పడితే? వాడు వెతకలేడు. నీకు ఆ విద్య తెలుసు. చెప్పు.


ద్వారకా నగర్
జూలై 3

గురునాథరావు గారికి,

కొత్త ఉత్తరం మొదలుపెట్టకండి. ముందు ఆ ఉత్తరం తెరిచి, పైన 'స్పామ్ కాదు' అని ఉన్నచోట నొక్కండి. లోపలికి వచ్చేస్తుంది. తర్వాత దాని కిందే జవాబు రాయండి. తను రాసినదానికి వచ్చిన జవాబుని జల్లెడ దాదాపు ఎప్పుడూ ఆపదు. ఫొటోలు వద్దు. ఉచితం, వెంటనే లాంటి, నేను చెప్పిన మాటలు పొరపాటున కూడా వద్దు. ఆయన్ని ఎలా పిలుస్తారో అలాగే మొదలుపెట్టండి. చూపు ఆనని మనిషి కాబట్టి రెండు ముక్కల్లో రాయండి. ఎవరో చదివి వినిపిస్తారు, అది గుర్తుంచుకోండి.

నలభై వేల మందికి పంపేటప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. లోపల పడుతుందని నేను ధైర్యం చెప్పగలను. తెరుస్తారో లేదో చెప్పలేను.

ఏం రాశారో నాకు చెప్పక్కర్లేదు. జవాబు వచ్చిందో లేదో మాత్రం రాయండి.


మల్కాపురం
జూలై 8

అమ్మాయ్,

చెప్పక్కర్లేదన్నావు గానీ చెబుతాను. "బావా, తాడు బిగిసిందో లేదో నేను చూడలేదు. నీ ఉత్తరాలు నాకు అందలేదు, అందకుండా చేసుకున్నది నేనే." అంతే రాశాను. మూడు రోజులు ఏమీ లేదు. కాఫీ కూడా చేదైపోయింది. నిన్న వాళ్ళావిడ చేత రాయించాడు. "నోటితో తిట్టుకుందాం, రా" అని.

రేపు పొద్దున తొమ్మిదింటి బస్సుకి వెళ్తున్నాను. ఆర్టీసీ కాంప్లెక్సులో ఎక్కుతాను. మీ ఆఫీసు ఆ పక్కనే కదా. వచ్చి కనిపించమందామంటే గుర్తుపట్టేదెలా? పేరైనా తెలియదు. నీ మీద కోపం ఇంకా కొంచెం మిగిలి ఉంది. తిరిగొచ్చాక తిడతాను.

గురునాథరావు


ద్వారకా నగర్
అక్టోబరు 13
విషయం: గురునాథరావు గారూ, ఇక సెలవా?

గురునాథరావు గారికి నమస్కారం.

మూడు నెలలుగా మీరు మా ఉత్తరాలు తెరవలేదు. మిమ్మల్ని విసిగించడం మాకు ఇష్టం లేదు. మా ఉత్తరాలు ఇంకా కావాలనుకుంటే కింది మీట నొక్కండి. పది రోజుల్లో నొక్కకపోతే మీ పేరు మా జాబితాలోంచి తీసేస్తాం.

మీ
శ్రీసత్య
వరహాలమ్మ పచ్చళ్ళు


అమలాపురం
అక్టోబరు 14
విషయం: ఉచితం!!! వెంటనే తెరవండి! ఆఖరి అవకాశం!

అమ్మాయ్,

నువ్వు రాయకూడదన్న మాటలన్నీ ఏరి పైన పెట్టాను, చూసి నవ్వుతావని. ఆగస్టులో రాసినప్పుడూ ఇలాగే పెట్టాను, సెప్టెంబరులోనూ పెట్టాను. నవ్వావో లేదో తెలియదు. ఒక్క జవాబూ లేదు.

ముందు రాసిందే మళ్ళీ రాస్తున్నాను. వచ్చిన మర్నాడే రేవు దాటుతుంటే నా ఫోను గోదాట్లో పడిపోయింది. ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఏదీ జారవిడవనివాణ్ణి. పాస్‌వర్డ్ గుర్తులేదు, నా మెయిలు తెరుచుకోదు. అందుకే ఇది అచ్యుతరామయ్య మెయిలు నుంచి. మీ ఆఫీసు అడ్రసు వరహాలమ్మ పేరే కాబట్టి మర్చిపోలేదు. వాడు పక్కనే ఉన్నాడు. అద్దాల్లోంచి నేను వాడికి మసగ్గా ఒక ఆకారంలా కనబడతానట. "అందం తెలీట్లేదు, అదృష్టం" అంటాడు.

పోయిన పదిహేను ఉత్తరాలూ నోటితో చెప్పాడు, సాయంత్రానికొకటి. రెండోదీ తొమ్మిదోదీ మర్చిపోయాడు, వాటికి బదులు తిట్టాడు. నేనిప్పట్లో మల్కాపురం రాను. వాడికి పేపరు చదివిపెట్టే పని నాకు దొరికింది.

పైన ఉచితం అన్నది వేళాకోళం కాదు. అటక మీది జాడీల్లో ఒకటి నీది. అడ్రసు రాయి.

నువ్వు ఎలా ఉన్నావు? ఆఫీసువాళ్ళు అడిగినట్టు కాదు, నేను అడుగుతున్నాను. ఉద్యోగం మానేశావా, లేక నేనే విసిగించానా? దీనికీ జవాబు లేకపోతే మళ్ళీ రాయను. పదహారు రాసే ఓపిక వాడికుంది, నాకు లేదు.

గురునాథరావు


ద్వారకా నగర్
అక్టోబరు 23

బాబాయ్,

అలా పిలవొచ్చో లేదో అడగడం లేదు.

ఈరోజు మీ పేరు జాబితాలోంచి తీసెయ్యాలి. మూడు నెలలుగా ప్రతి మంగళవారం మీ పేరు పక్కన 'తెరవలేదు' అని చూస్తున్నాను. స్నేహితుడు దొరికాడు, ఇంక మాతో ఆయనకి పనేముందిలే అనుకున్నాను. సంతోషపడాలనుకున్నాను గానీ చేతకాలేదు. తీసేసే మీట మీద వేలు పెట్టి, ఎందుకో ఆగి, మా ఆఫీసు స్పామ్ తెరిచాను. మూడొందల చెత్త ఉత్తరాల మధ్య మీది ఉంది. ఎన్నడూ చూడని అడ్రసు, పైన ఆ మూడు మాటలు. జల్లెడ పట్టేసుకుంది. అంత గట్టిగా బిగించింది నేనే. స్పామ్ చూసుకోమని మీకు చెప్పిన దాన్ని, నాది నేను చూసుకోలేదు.

ఆగస్టుదీ సెప్టెంబరుదీ లేవు, చెరిగిపోయాయి. నాకు దొరికింది మూడోది ఒక్కటే. ఎక్కడా పక్కకి పోకుండా మీ ఉత్తరం కిందే, ఆఫీసు మెయిలు నుంచే జవాబు రాస్తున్నాను. గుణశేఖర్ గారు చూస్తే చూడనివ్వండి.

మీరు బస్సెక్కిన రోజు నేను కాంప్లెక్సుకి వచ్చాను. అమలాపురం బస్సు దగ్గర అరగంట నిలబడ్డాను. ఒకాయన మోకాలు పట్టుకుని, మెట్టు మెట్టుకీ దాన్ని తిడుతూ ఎక్కారు. మీరేనని తెలిసింది. ఏ పేరు చెప్పి పిలవాలో తెలియక నిలబడిపోయాను. బస్సు కదిలాక ఆఫీసుకి వెళ్ళి అరవై అడ్రసులకీ ఎలా ఉన్నావని పంపుకున్నాను.

ఎలా ఉన్నావని అడిగారు. బాగోలేను బాబాయ్. ఎవరితోనూ మాట్లాడకుండా రెండేసి రోజులు గడిచిపోతున్నాయి. ఆదివారాలు మరీ కష్టంగా ఉన్నాయి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళు లేరు.

జాడీ పంపకండి. ఈ ఆదివారం నేనే వస్తాను. పోయిన రెండు ఉత్తరాలూ మీ నోటితో చెప్పాలి, మర్చిపోయి ఉంటే తిట్టండి. నా మీద మిగిలిన కోపం కూడా అప్పుడే తీర్చుకోండి. బస్సు ఒంటిగంటకి వస్తుందట. గుర్తుపట్టేదెలా అన్నారు కదా, పేరు పెట్టి పిలవండి, పలుకుతాను.

హిమబిందు